వడ్ల గదిలో ఇంగ్లీషు

మొన్న ఆదివారం సాయంత్రం బళ్ళారిలో మా అబ్బాయి ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, పక్క గదిలోంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో తన బాధలన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకోవడం వినిపించింది. హై ఫీవర్ అంది. కాసేపాగి కోల్డ్ స్వెట్ అంది. ఇంకాసేపాగి డీప్ సారో అంది. ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలి ట్యాబులో అదొక పాఠమట. ఒంటికి కలిగే బాధలనూ మనసుకు కలిగే బాధలనూ ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట చేర్చి చెప్పాలో అది నేర్పుతుందట. ఆ గొంతు రెండు మాటలు చెప్పి ఆగితే పిల్ల తిరిగి చెప్పాలి. పిల్లేమో ఎప్పుడో బాల్కనీలోకి వెళ్ళి స్నేహితురాలితో ముచ్చట్లలో పడింది. ఖాళీ గదిలో ఆ గొంతు మాత్రం చెప్పి, ఆగి, ఎవరో బదులు పలుకుతారని కాచుకుని, మళ్ళీ చెబుతోంది.

చేట పక్కన పెట్టి, లేచి వెళ్ళి దాన్ని ఆపేశాను. ఆపి, ట్యాబును బోర్లా తిప్పి దిండు కింద పెట్టడం కోడలు చూసి ఏమైందత్తయ్యా అని అడిగింది, ఏమీ లేదన్నాను. ఏమైందో దానికి చెప్పాలంటే ఎమ్మిగనూరులో మా పాత మిద్దెదాకా వెళ్ళిరావాలి, అంత ఓపిక ఈ కాలం పిల్లలకు ఎక్కడిది. మీరైతే నా ఈడువాళ్ళు, పామును పురుగు అనీ, ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు వచ్చిందనీ చెప్పుకుంటూ పెరిగినవాళ్ళు, కాబట్టి మీకు చెబితే నవ్వినా కొంత నమ్ముతారు.

మాది కంప్లి దగ్గర ఎమ్మిగనూరు, కాలువ కింద వరీ చెరకూ పండించే కుటుంబం. మా ముత్తాతల కాలం నుంచీ అక్కడే ఉన్నాం గానీ ఇంట్లో తెలుగే, వీధిలోకి వస్తే కన్నడం, సంతకు పోతే బేరానికి సరిపడా దక్కనీ ఉర్దూ. మూడు భాషలకూ మూడు చోట్లు ఉన్నట్టే, మా ఇంట్లో ఒక భాషకు ఒక నిషేధం కూడా ఉండేది. మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్ళం, ఆ నిషేధం ఆమె పెట్టిందే. మా ఇంట్లో ఎవరూ, గడప లోపల, తమ నొప్పిని తెలుగులో చెప్పకూడదు.

ఎందుకంటే మా నాయనకంటే ముందు జేజికి ఒక కూతురు పుట్టిందట. ఆడుకునే ఈడు పిల్ల. ఒకనాడు దీపాలు పెట్టే వేళ నడిమింట్లో నిలబడి కడుపులో మెలిపెడుతోందని ఒక్క మాట అందట, మరుసటి పొద్దుకు పిల్ల లేదు. అది కలరా కాలమని నాయన చెప్పేవాడు. జేజి మాత్రం ఒప్పుకునేది కాదు. "ఆ మాట నేనూ వింటి, అదీ వినింది. నేను మందు కోసరం పోతి, అది పిల్ల కోసరం వచ్చె" అనేది. అది అంటే ఏమిటని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. దానికొక పేరు కూడా లేదు, వినేది అనేవాళ్ళం, అంతే. అది దూలాల మధ్య ఉంటుందో, పైకప్పులో వెలుతురుకు వదిలిన గవాక్షి చాటున ఉంటుందో, లేక గాలీ వెలుతురూ లేని వడ్ల గదిలో ఉంటుందో తెలియక, చిన్నప్పుడు నేను వడ్ల గది ముందు నుంచి నడవాల్సి వస్తే గోడకు ఆనుకుని పరుగెత్తేదాన్ని.

అలాగని నొప్పిని దాచుకోవడమూ కుదరదు, దాచుకున్నది లోపల కుళ్ళుతుందని జేజి నమ్మకం. అందుకని రోజూ దీపం ముట్టించగానే అందరం నడిమింట్లో చాప మీద కూర్చుని, ఆ రోజు ఒంట్లో ఉన్న నొప్పీ మనసులో ఉన్న దిగులూ కన్నడంలో చెప్పుకునేవాళ్ళం. తలనొప్పికి తలె నోవు, కడుపునొప్పికి హొట్టె నోవు, చలికి చళి. నాయన పొలం నుంచి వచ్చి ఒళ్ళు నొప్పులకు మైకై నోవు అని మూలిగితే జేజి లేచి ఆముదం వెచ్చబెట్టేది. మా ఇంట్లో పండగలన్నీ తెలుగులో వచ్చేవి, జబ్బులన్నీ కన్నడంలో వచ్చేవి. బయటివాళ్ళకు ఇది పిచ్చిగా తోస్తుందేమో గానీ మాకు కాళ్ళు కడుక్కుని లోపలికి రావడమెంతో ఇదీ అంతే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా తాత ఒక సాయంత్రం అదే చాప మీద కూర్చుని, ఎదె నోవు అని గుండె మీద చెయ్యి వేసుకుని, వేసుకున్న చెయ్యి తీయకుండానే ఒరిగిపోయాడు. కర్మాంతరాలు అయ్యాక జేజి నడిమింటి స్తంభానికి ఆనుకుని, మాతో కాదు తనతో తను చెప్పుకుంటున్నట్టు, "దానికీ కన్నడం వచ్చేసింది. ఇన్నేండ్లు ఈ నేల మింద ఉండాదే, మనకు రాలేదా?" అంది. పెద్దవాళ్ళు గవాక్షి వైపు చూశారు, నేను వడ్ల గది తలుపు వైపు చూశాను.

అప్పుడు నేను కంప్లి హైస్కూలుకు వెళ్ళేదాన్ని. అక్కడి ఇంగ్లీషు మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. ఇంగ్లీషు మాటలు జోడెద్దుల్లాంటివనీ, ఏ ఎద్దు పక్కన ఏ ఎద్దును కడితే బండి కదులుతుందో తెలిసినవాడికే భాష వస్తుందనీ ఆయన చెప్పేవాడు. జ్వరం పక్కన హై కట్టాలి, నొప్పి పక్కన సివియర్ కట్టాలి, దుఃఖం పక్కన డీప్ కట్టాలి, చలి పక్కన బిట్టర్ కట్టాలి, చలి చేదుగా ఎందుకుంటుందని అడగకూడదు, అది వాళ్ళ ఎద్దులు వాళ్ళిష్టం. ఆ జంటలు నాకు భలే నచ్చేవి, దారి పొడుగునా చెరకు తోటల మధ్య పైకే చదువుకుంటూ నడిచేదాన్ని. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. జేజి ఒకనాడు నన్ను పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, ఇంక ఈ ఇంటి నొప్పులన్నిటికీ నువ్వే మాటలు ఇవ్వాలి అంది.

ఆ కొద్ది నెలలూ మా ఇంట్లో దీపాల వేళ ఎంత తమాషాగా ఉండేదో చెప్పలేను. మేడి పట్టిన చేతులతో మా నాయన బుద్ధిగా కూర్చుని సివేరు పేను అనేవాడు. జేజి పళ్ళు లేని నోటితో హైపీవరు అని, మోకాలు చూపించేది. నేను పంతులమ్మలా తప్పులు దిద్దేదాన్ని. మా అమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఏమీ చెప్పలేదు. కురుగోడు నుంచి కోడలిగా వచ్చిన మనిషి, మా ఇంటి ఆచారాన్ని తప్పు పట్టదు, అలాగని దాంట్లో కలవదు, ఎవరి వంతు అయినా ఆమె పొయ్యి దగ్గరే. అడిగితే "నాకేం లేదత్తా, బాగుండాను" అనేది. ఏమీ లేని మనిషని మేమంతా నిజంగానే నమ్మాం.

ఆ రోజుల్లోనే మా చిన్నత్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా నాయన చెల్లెలు, జేజికి మిగిలిన ఒక్క కూతురు. సండూరు వైపు తారానగర్‌లో ఇచ్చారు, మామకు అదురు, అంటే గనుల్లోని ఇనపరాయి, మోసే లారీలుండేవి. ఆమె పెట్టె మీద, చెప్పుల మీద, ఆఖరికి కొప్పు ముడిలో కూడా గనుల ఎర్రదుమ్ము ఉండేది. నవ్వితే ఇల్లంతా వినిపించే మనిషి. నాలుగో తరగతి దాటలేదు, నేను నేర్పే జంట మాటలు ఆమె నాలుకకు ఎక్కేవి కావు. "ఏమ్మే, నొప్పికి గూడా పరీచ్చ రాయాల్నా?" అని నన్ను ఏడిపించేది. ఆకలేసినా హై ఫీవర్, నిద్రొచ్చినా హై ఫీవర్, మామ చూడటానికి రాకపోయినా హై ఫీవరే. జేజి కసురుకునేది గానీ ఆ కసురులో భయమే ఎక్కువ. ఒక కూతుర్ని ఆ గదుల మధ్యే పోగొట్టుకున్న తల్లి కదా.

ఇప్పుడు చెప్పబోయేది నేను మా ఆయనకు కూడా సగమే చెప్పాను. ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. ఇంటికొచ్చేసరికి నాట్లని అందరూ మడి దగ్గరికి వెళ్ళారు, మిద్దె అంతా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. సంచీ దించుతుంటే వడ్ల గదిలోంచి చిన్నత్త గొంతు వినిపించింది. హై ఫీవర్, అంది. కాసేపాగి సివియర్ పెయిన్, అంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఒకటో తరగతి పిల్ల పలక మీద వేలు పెట్టి చదివినట్టు. ఎవరూ చూడకుండా నేర్చుకుంటోందని నాకు ముచ్చటేసి, గడప ఇవతలే చడీచప్పుడు లేకుండా నిలబడ్డాను. బిట్టర్ సారో, అంది. అని ఆగింది. అలవాటు చొప్పున నేను, డీప్ సారో, అని దిద్దాను. తర్వాత ఆ గొంతు, ఎంతో వినయంగా, డీప్ సారో, అంది.

పాసయ్యావత్తా అని నవ్వుతూ, దాహమేసి నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళాను. తొట్టి పక్కన బండ మీద, తలంటుకున్న జుట్టు ఎండలో ఆరబెట్టుకుంటూ, చిన్నత్త గోడకు ఆనుకుని నిద్రపోతోంది. బండ మీద ఆమె పాదాల కింది తడి కూడా ఎప్పుడో ఆరిపోయి ఉంది. నేను చెంబు పట్టుకుని అలా నిలబడిపోయాను. వెనక ఇంట్లోంచి, అదే గొంతు, ఈసారి తడబాటు లేకుండా, నేర్చుకున్నవన్నీ వరసగా అప్పజెబుతోంది.

జేజి పొలం నుంచి రాగానే, ఊరి బయటికి లాక్కుపోయి కాలువ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆమె గట్టు మీది మట్టిపెళ్ళ ఒకటి నీళ్ళలోకి తోసి, "ఇంగ మనకు బాస లేదమ్మీ" అంది. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో దీపాల వేళ మాటలు ఆగిపోయాయి. ఏ భాషలోనూ, ఎవరూ, ఏ బాధా చెప్పకూడదు. నెలలు నిండుతున్న చిన్నత్తను గడప కూడా దాటనివ్వలేదు, ఆమె గొంతును అది నేర్చుకుందంటే ఆమె మీదే కన్నేసిందని, బయటికి పంపితే వెంటే పోతుందని జేజి లెక్క. చాప పరిచేవాళ్ళం, కూర్చునేవాళ్ళం, దీపం వైపు చూస్తూ నోళ్ళు మూసుకుని ఉండేవాళ్ళం. వడ్ల గది కూడా మాలాగే మౌనంగా ఉండేది. అయితే అది ఖాళీగా ఉన్న మౌనం కాదు, ఎవరో ఊపిరి బిగపట్టి పాఠం కోసం ఎదురుచూస్తున్న మౌనం.

చిన్నత్త నవ్వు ముందు పోయింది. తర్వాత కాళ్ళు పొంగాయి, ముఖం పొంగింది, మెట్టెలు వేళ్ళల్లో దిగబడ్డాయి. మధ్యాహ్నాలు స్తంభం దగ్గర కూర్చుని చల్లటి రాతికి నుదురు ఆనించుకునేది, కళ్ళ ముందు దోమల్ని తోలుకుంటున్నట్టు చెయ్యి ఆడించేది, అక్కడ దోమలుండేవి కావు. అందరం చూస్తూనే ఉన్నాం. నాయన కూడా చూశాడు, కానీ చెప్పని జబ్బుకు బండి కట్టే అలవాటు మా ఇంట్లో లేదు. ఎవరూ నోరు తెరవలేదు కాబట్టి ఎవరికీ జబ్బు లేదు. మాట బయటికొస్తే పిల్ల చచ్చిపోతుందని జేజి భయం, మాట బయటికి రాకపోతే చచ్చిపోతుందని మా అమ్మకు ఒక్కదానికే తెలుసు. కురుగోడులో మా పెద్దమ్మ తొలి కాన్పుకు ముందు ఇలాగే పొంగి, ఇలాగే తల పట్టుకుని, ఫిట్స్ వచ్చి పోయిందట.

ఒకనాడు దీపం పెట్టాక అమ్మ చిన్నత్త కాళ్ళకు వేడినీళ్ళు పోస్తూ, పాదం మీద బొటనవేలితో నొక్కి చూసింది. పడిన గుంట పూడలేదు. అమ్మ చెంబు కింద పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, తిన్నగా వడ్ల గది గడప దగ్గరికి నడిచింది. జేజి వద్దని చెయ్యెత్తింది. అమ్మ ఆ చీకటి వైపు ముఖం పెట్టి, పక్కింటివాళ్ళతో తగువాడే గొంతుతో, తెలుగులో మొదలుపెట్టింది.

"నా తలకాయ పగిలిపోతాండాది. నా కండ్లకు మిణుగురులు కనపడతాండాయి. నా కాళ్ళు పొంగినాయి, నా రొమ్ము కింద పట్టేసినట్లుండాది. నాకు, ఇను బాగా, నాకే. ఇంగెవురికీ కాదు."

ఒక్క మాట కూడా ఆమెది కాదు, అన్నీ చిన్నత్త బాధలే. జేజి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గది లోపల వడ్ల రాశి జారిన చప్పుడయింది. ఎలుకలు తిరిగినా రాశి జారుతుంది, కాదనను, కానీ ఆ జారడం చాలాసేపు జారింది, అంతవరకూ దాని మీద కూర్చున్నది ఏదో తీరిగ్గా లేచినట్టు. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు చెక్క పట్టుకుని, కణతలు నొక్కుకుంది. ఆ తర్వాత జేజి గొంతు మా నాయన మీద లేచింది. "ఏంరా, నిలబడుకోని చూస్తాండావు, ట్రాక్టరు తియ్యి!"

ట్రాలీలో గడ్డి పరిచి, దుప్పటి కప్పి, కురుగోడు మీదుగా బళ్ళారికి బయలుదేరాం. చిన్నత్త తల అమ్మ ఒళ్ళో ఉంది. దారంతా గుంతలు, గుంత వచ్చినప్పుడల్లా చిన్నత్త మూలిగేది, మూలిగినప్పుడల్లా అమ్మ ఆ మూలుగుకు ఒక తెలుగు మాట ఇచ్చి తన పేరు మీద రాసుకునేది. సలుపు నాది, పోటు నాది, గుబులు నాది. ఆ మాటలు నేను అంతవరకు ఇంట్లో ఎవరి నోటా విననే లేదు, ఇన్ని ఉన్నాయని కూడా తెలియదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ దీపం కింద ఇద్దరినీ చూసి, ముందు మా అమ్మ చెయ్యే పట్టుకుంది, రోగి ఈమే అనుకుని. తర్వాత చిన్నత్తను లోపలికి తీసుకుపోయారు. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవాళ్ళు కాదని ఆమె కన్నడంలో నాయనను తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి. బిడ్డ నెల తక్కువలో పుట్టాడు, అరచేతిలో పట్టేంత ఉన్నాడు, ఇప్పుడు వాడే తారానగర్‌లో లారీలు తిప్పుతున్నాడు, తలుపులో పట్టడు.

చిన్నత్త నవ్వు తిరిగొచ్చింది. అమ్మకు మాత్రం ఆ రోజు నుంచి, దీపాలు పెట్టే వేళకు, చూపు మసకబారేది. ఏ పని చేస్తున్నా ఆపి, స్తంభానికి నుదురు ఆనించి నిలబడేది. అప్పటిదాకా కోడలి చేతి కూరలో ఉప్పు వెతికే జేజి, ఆ వేళకు తప్పకుండా వచ్చి పక్కన కూర్చుని, అమ్మ తల ఒళ్ళోకి తీసుకుని నూనె రాసేది. జేజి పోయిన తర్వాత ఆ పని చిన్నత్త చేసేది, తారానగర్ నుంచి బస్సెక్కి వచ్చి మరీ. వడ్ల గదిలోంచి మళ్ళీ ఎవరి గొంతూ వినిపించలేదు. కావలసినది దొరికింది కదా, ఇంక పాఠాలెందుకు అని నాకనిపించేది.

నేను టీచరునై, పెళ్ళయి, పిల్లలు పుట్టాక, అమ్మ ఒక సాయంత్రం అదే స్తంభం దగ్గర కూర్చుని వెళ్ళిపోయింది. రక్తపోటు అని డాక్టరు చెప్పాడు, చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుంది, ఎవరికీ చెప్పుకోలేదా అని అడిగాడు. డాక్టరు చెప్పింది నిజమే కావచ్చు, నేనూ నా పిల్లలకు సైన్సు పుస్తకాలు కొనిచ్చినదాన్నే. అయితే ఆ పోటు ఏ సాయంత్రం మొదలైందో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆమె ఏ ఒక్క రోజూ దాన్ని ఎవరి మీదికీ తిప్పి పంపాలని చూడలేదు.

మిద్దె పడగొట్టి చాలా కాలమైంది, ఆ చోట ఎరువుల గోడౌను కట్టారు. ఇప్పుడు బళ్ళారిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఎవరూ నొప్పిని తెలుగులో చెప్పడం లేదు, ఏ జేజీ నిషేధం పెట్టకుండానే. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు కూడా బాడీ పెయిన్స్ అంటారు, మా కోడలు స్ట్రెస్ అంటుంది, అబ్బాయి టెన్షన్ అంటాడు, మనవరాలికి ఆ జంటలన్నీ నాకంటే బాగా వచ్చు. ఎవరి బాధకు ఏ మాట కట్టాలో వాళ్ళకు తెలుసు, చెబుతారు, మాత్ర వేసుకుంటారు, తగ్గుతుంది. అది మంచిదే, చెప్పలేక పోయినవాళ్ళను చూసినదాన్ని గనక మంచిదేనని ఒప్పుకుంటాను. కాని ఈ ఇంట్లో ఎవరి నొప్పి వాళ్ళదే. నిరుడు మనవరాలికి జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, పక్కన కూర్చుని, ఈ జ్వరం నాది అని గట్టిగా ఒక్క మాట అనాలనుకున్నాను. అనకుండా, తడిగుడ్డ పిండి దాని నుదుటి మీద వేశాను. ఆ వినేది ఇక్కడ కూడా వింటుందేమోనని భయమేసింది. మా అమ్మకూ ఆ భయం ఉండే ఉంటుంది, అది వింటుందని తెలిసే ఆమె అంత గట్టిగా చెప్పింది.